ప్లీజ్ ప్లీజ్ మీ ఆల్బమ్ ఎలా వినాలి? బీటిల్స్‌ని మొదటి నుంచి వినాలనుకునేవాళ్ల కోసం

బీటిల్స్ వినడం మొదలుపెడదామనుకుంటున్నా అని ఎవర్ని అడిగినా సార్జెంట్ పెప్పర్స్ విను, అబ్బే రోడ్ విను అంటారు. అవి గొప్పవే, నేను కాదనను. కానీ 1963 మార్చి 22న వచ్చిన వాళ్ల మొట్టమొదటి ఆల్బమ్ ప్లీజ్ ప్లీజ్ మీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అవన్నీ తొలిరోజుల పాటలులే" అని పక్కన పెట్టేస్తారు, నాకు అది అస్సలు నచ్చదు. నలుగురు కుర్రాళ్లు (జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, డ్రమ్స్ మీద రింగో స్టార్) ఒకే గదిలో నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ, అందరూ ఒకేసారి వాయిస్తూ పాడుతుంటే ఆ గదిలో మనమూ ఉన్నట్టు అనిపించడం ఇంత పచ్చిగా వాళ్ల తర్వాతి ఆల్బమ్స్‌లో దొరకదు. ఆ మజా తెలియాలంటే దీన్ని వినే పద్ధతి ఒకటుంది, అదే రాస్తున్నా.

ముందు ఏ వెర్షన్ వినాలి అన్నది తేల్చుకోండి, ఎందుకంటే సగం మంది ఇక్కడే నిరుత్సాహపడి వదిలేస్తారు. యాప్స్‌లో మామూలుగా వచ్చేది స్టీరియో వెర్షన్, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వాయిద్యాలన్నీ ఎడమ చెవిలో, గొంతులన్నీ కుడి చెవిలో ఉంటాయి, మధ్యలో ఖాళీ. ఇంతకుముందు విననివాళ్లకి ఇదేదో పాడైపోయిన ఫైల్ అనిపిస్తుంది. విషయం ఏంటంటే అప్పట్లో వాళ్ల దగ్గరున్నది రెండు ట్రాక్స్ టేప్ మెషిన్, అంతే. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, ఇంజనీర్ నార్మన్ స్మిత్ కలిసి వాయిద్యాలు ఒక ట్రాక్ మీద, గొంతులు ఇంకో ట్రాక్ మీద పెట్టారు, తర్వాత రెండూ సరిచూసి కలిపి మోనోగా, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం వచ్చేలా, చేయొచ్చు అని. స్టీరియో వాళ్ల లెక్కలో లేనే లేదు, అప్పట్లో ఇంగ్లండ్‌లో పాప్ రికార్డులు కొనే పిల్లలందరూ వినేది మోనోనే. కాబట్టి మీరూ మోనోనే వినండి. 1987లో వచ్చిన మొదటి సీడీ మోనో, 2009లో వచ్చిన మోనో బాక్స్ సెట్‌లో కూడా ఉంది. అవి దొరక్కపోతే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో అని ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఉంది, ఐఫోన్‌లో ఉంది, అది ఆన్ చేయండి. అది అసలు మోనో మిక్స్‌తో సమానం కాదు కానీ రెండు చెవుల మధ్య చీలిపోయిన బ్యాండ్ మళ్లీ ఒక్కటై మీ ముందు నిలబడుతుంది, తేడా మొదటి పాటలోనే తెలిసిపోతుంది. ఆ చీలిక వల్ల మనకో లాభం కూడా ఉంది, అది కిందికి వెళ్లాక చెప్తా. ఇంకోటి, వెతికేటప్పుడు ఇంట్రడ్యూసింగ్ ది బీటిల్స్ అని ఒకటి కనిపిస్తే అది 1964లో అమెరికాలో వేరే కంపెనీ 12 పాటలతో వేసినది. మనకి కావాల్సింది 14 పాటలున్న బ్రిటిష్ ఆల్బమ్.

వినే ముందు ఒక్క సంగతి మాత్రం తెలుసుకుని ఉండండి. ఈ 14 పాటల్లో నాలుగు అప్పటికే రెండు సింగిల్స్‌గా (అటో పాట, ఇటో పాట ఉండే చిన్న రికార్డులు) వచ్చేశాయి, మిగతా పది పాటలూ 1963 ఫిబ్రవరి 11న, ఒక్క రోజులో రికార్డ్ చేశారు. లండన్‌లో అబ్బే రోడ్ మీదున్న ఈఎంఐ స్టూడియో, రెండో నంబర్ గది. పొద్దున పదింటికి మొదలుపెట్టి రాత్రి పదకొండు కావొస్తుండగా ముగించారు. ఇంగ్లండ్‌లో అది విపరీతమైన చలికాలం, వాళ్లేమో హెలెన్ షపీరో అనే సింగర్ టూర్‌లో ఊరూరా తిరుగుతున్నారు, మధ్యలో దొరికిన ఆ ఒక్క రోజుకి లండన్ వచ్చారు, జాన్ లెనన్‌కి జలుబు చేసి గొంతు పట్టేసి ఉంది. మధ్యాహ్నం స్టూడియో వాళ్లు భోజనానికి వెళ్తే వీళ్లు వెళ్లకుండా అక్కడే ప్రాక్టీస్ చేసుకున్నారు. ఒక్క రోజులో పది పాటలు ఎలా కుదిరిందంటే, అంతకుముందు రెండేళ్లుగా జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటలు గంటలు, లివర్‌పూల్‌లో కావర్న్ క్లబ్‌లో మధ్యాహ్నాలూ సాయంత్రాలూ వాయించి వాయించి చేతులు అరిగిపోయి ఉన్నాయి. స్టేజ్ మీద రోజూ చేసేదే ఇక్కడా చేశారు. జార్జ్ మార్టిన్ అసలు కావర్న్ క్లబ్‌లోనే లైవ్‌గా రికార్డ్ చేద్దామనుకున్నాడు కూడా, ఆ నేలమాళిగలో సౌండ్ బాగా రాదని మానేసి, ఆ స్టేజ్ ఊపునే స్టూడియోలో పట్టుకుందామనుకున్నాడు. అందుకే ఇది రికార్డింగ్‌లా కాకుండా కచేరీలా వినాలి.

మొదటిసారి వినేటప్పుడు ఏమీ చేయకండి. మొత్తం 32 నిమిషాలు, అంతే, మన సినిమా ఇంటర్వెల్ కూడా రాదు ఈలోపు. ఫోన్ పక్కన పడేసి మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా, కాస్త సౌండ్ పెంచి వినండి, వీలైతే స్పీకర్‌లో. మన చెవికి ఒక అలవాటుంది, పాటంటే ముందు వయొలిన్లతో ఒక బిట్, తర్వాత పల్లవి, మధ్యలో ఇంటర్‌లూడ్, చరణం, మళ్లీ పల్లవి, నాలుగైదు నిమిషాలు. ఇక్కడ అలా ఉండదు, చాలా పాటలు రెండు నిమిషాలు, రెండున్నర, ఎత్తుకోగానే పాడేస్తారు, మనం కుదురుకుని కూర్చునేలోపు అయిపోతుంది. అది లోపం అనుకోకండి. మాట వృథా కాలేదు, బిట్ వృథా కాలేదు, అప్పట్లో ఇంగ్లండ్‌లో ఇలాంటి కుర్ర బ్యాండ్స్ వాయించిన ఈ బీట్ మ్యూజిక్ అందమే అది. సాహిత్యంలో లోతు కూడా వెతకొద్దు, నువ్వు, నేను, నీకు చెప్పనా, ఇంటికి రానా, ఇదే వరస. ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు వాళ్ల వయసు పిల్లల కోసం రాసినవి అవి, ఆ వయసులో నువ్వు నేను కంటే పెద్ద విషయం ఏముంటుంది చెప్పండి.

రెండోసారి మొదటి పాట ఒక్కదాన్నే పట్టుకోండి, ఐ సా హర్ స్టాండింగ్ దేర్. అసలు ఆల్బమ్ ఎలా మొదలవుతుందో చూడండి, పాల్ మెకార్ట్‌నీ వన్ టూ త్రీ అని లెక్కపెట్టి ఫోర్ అన్నప్పుడు మాత్రం అరుస్తాడు. మామూలుగా ఏ రికార్డులోనైనా ఈ లెక్కని కత్తిరించేస్తారు, వినేవాడికి దాంతో పనిలేదని. జార్జ్ మార్టిన్ ఉంచేశాడు. ఉంచడమే కాదు, పాట మొదటి టేక్ నుంచి తీసుకున్నారు, ఆ లెక్క మాత్రం తొమ్మిదో టేక్‌లో బాగా కుదిరిందని దాన్ని కత్తిరించి తెచ్చి దీనికి అతికించారు. అంటే ఆ అరుపు ఎంత ముఖ్యమో ఆయనకి తెలుసు, లైట్లు వెలిగి తెర తీసినట్టు ఆ ఒక్క కేకతో మనం హాల్లోకి వచ్చేస్తాం. తర్వాత పాల్ బేస్ గిటార్ వినండి, ఆగకుండా పరిగెడుతూ ఉంటుంది, అది చక్ బెర్రీ పాట ఒకదాని నుంచి తీసుకున్నదని పాల్ తనే దాపరికం లేకుండా చెప్పాడు. చప్పట్లు వినండి, అవి తర్వాత కలిపారు, పాట మొత్తాన్ని ముందుకి తోసేది అవే. గిటార్ సోలో వచ్చే ముందు పాల్ ఒక గావుకేక పెడతాడు, అది విని కూడా కూర్చున్న చోటే కదలకుండా ఉన్నారంటే సౌండ్ ఇంకొంచెం పెంచండి.

ఇప్పుడు ఆ స్టీరియో చీలిక లాభం చెప్తానన్నా కదా. మోనో సెట్టింగ్ ఆఫ్ చేసి ఎడమ ఇయర్‌ఫోన్ తీసేయండి. కుడి చెవిలో దాదాపు గొంతులే మిగులుతాయి, వాయిద్యాలు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. ఇలా దేర్స్ ఎ ప్లేస్ పాట వినండి. జాన్, పాల్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి పాడుతున్నారు, కొన్ని చోట్ల ఏది అసలు ట్యూన్, ఏది దానికి జోడీగా పాడింది అన్నది విడదీయలేం, రెండూ ట్యూన్లే అనిపిస్తాయి. జాన్ గొంతులో కొంచెం గరుకు, పాల్ గొంతులో నునుపు, రెండూ రాసుకున్నప్పుడు మూడో గొంతు ఏదో పుట్టినట్టు ఉంటుంది. నా లెక్కలో ఈ ఆల్బమ్‌లో అందరూ తక్కువగా చూసిన పాట ఇదే. ఆ రోజు పొద్దున మొట్టమొదట రికార్డ్ చేసింది కూడా ఇదే.

అలాగే ప్లీజ్ ప్లీజ్ మీ పాట. ఇందులో పాల్ పైన ఒక్క స్వరం పట్టుకుని అక్కడే నిలబడిపోతాడు, జాన్ మాత్రం దాని కింద నుంచి మెట్టు మెట్టు దిగుతూ వెళ్తాడు. సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది వెంటనే పట్టేస్తుంది, నేర్చుకోనివాళ్లు ఒకసారి పాల్‌ని మాత్రమే, ఇంకోసారి జాన్‌ని మాత్రమే ఫాలో అవుతూ వినండి. ఎవర్లీ బ్రదర్స్ అని అమెరికా అన్నదమ్ములు ఇలా పాడేవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. ఈ పాట మొదట జాన్ రాసుకున్నప్పుడు రాయ్ ఆర్బిసన్ పాటలా నిదానంగా ఉండేదట, స్పీడ్ పెంచండి అని జార్జ్ మార్టిన్ చెప్తే పెంచి 1962 నవంబర్ 26న రికార్డ్ చేశారు, అది అయ్యాక ఆయన మైక్‌లో మీ మొదటి నంబర్ వన్ ఇదే అని చెప్పేశాడు. ఇంకో చిన్న సరదా, మోనో వెర్షన్‌లో, స్టీరియో వెర్షన్‌లో వాడిన టేక్స్ వేరు. స్టీరియోలో చివరి చరణంలో జాన్, పాల్ చెరో మాటా పాడేస్తారు, తడబడ్డామని తెలిసి వెంటనే తర్వాత వచ్చే కమాన్ అన్న చోట జాన్ గొంతులో నవ్వు వచ్చేస్తుంది. రెండు వెర్షన్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి ఆ ఒక్క చోటు వినండి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నవ్వు తాజాగా ఉంది.

ఆ తర్వాత చేయాల్సిన పని, వేరేవాళ్ల పాటల ఒరిజినల్స్ వినడం. 14లో ఆరు పాటలు వీళ్లు రాసినవి కావు, అమెరికా నుంచి వచ్చిన రికార్డులు విని నేర్చుకున్నవి. ఇది చాలామంది వదిలేస్తారు, వదలకండి, ఆల్బమ్ సగం ఇక్కడే అర్థమవుతుంది. బాయ్స్, బేబీ ఇట్స్ యూ రెండూ షిరెల్స్ అనే అమ్మాయిల గ్రూప్ పాటలు, చెయిన్స్ కుకీస్ అనే ఇంకో అమ్మాయిల గ్రూప్‌ది. తోలు జాకెట్లు వేసుకుని హాంబర్గ్‌లో రాక్ అండ్ రోల్ వాయించిన మగపిల్లలు అమ్మాయిల గ్రూపుల పాటలు ఎత్తుకుని, వెనకాల వచ్చే షాలాలాలు కూడా సిగ్గుపడకుండా మనస్ఫూర్తిగా పాడారు. బాయ్స్ పాడింది రింగో, డ్రమ్స్ వాయిస్తూనే, ఒక్క టేక్‌లో. అబ్బాయిల గురించి అమ్మాయిలు పాడుకునే పాట అది, దాన్ని అతను అంత ఉత్సాహంగా పాడేస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారో అన్న ఆలోచనే లేదు. వీళ్ల పాటల్లో ఆ మెత్తదనం, ఆ చనువు, వినే అమ్మాయితో నేరుగా మాట్లాడుతున్నట్టు ఉండటం ఇక్కడి నుంచే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతా. ఒట్టి రాక్ అండ్ రోల్ బ్యాండ్ అయితే ఇలా ఉండేది కాదు.

అన్నా పాటకి ఒరిజినల్ ఆర్థర్ అలెగ్జాండర్ పాడాడు, 1962లో. ముందు అది వినండి, ఒక చిన్న పియానో ముక్క పదేపదే వస్తుంటుంది. బీటిల్స్ వెర్షన్‌లో అదే ముక్క జార్జ్ హారిసన్ గిటార్ మీద వాయిస్తాడు. ఆర్థర్ అలెగ్జాండర్ హుందాగా, బాధని లోపల దాచుకుని పాడతాడు. జాన్ దాచుకోడు. మధ్యలో గొంతు పైకి వెళ్లే చోట నలిగిపోతాడు, జలుబు వల్ల సగం, పాట వల్ల సగం. ఒరిజినల్ గొప్ప పాట, కానీ రెండింట్లో నాకు కావాల్సింది ఎప్పుడూ జాన్‌దే.

కొన్ని పాటల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఎ టేస్ట్ ఆఫ్ హనీ అప్పటి క్లబ్బుల్లో పెద్దవాళ్లకి నచ్చే రకం పాట, పాల్ గొంతు రెండుసార్లు ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేశారు అన్నది తప్ప పెద్దగా చెప్పడానికి లేదు. ఆస్క్ మీ వై, పీఎస్ ఐ లవ్ యూ తీయగా ఉంటాయి, అంతవరకే. మిజరీ మాత్రం హెలెన్ షపీరో కోసం రాశారు, అటువైపు వాళ్లు వద్దన్నారు, అందులో పియానో జార్జ్ మార్టిన్ తర్వాత ఒక రోజు వీళ్లు లేనప్పుడు టేప్‌ని సగం స్పీడ్‌లో నడిపి వాయించి కలిపాడు. లవ్ మీ డూ వినేటప్పుడు ఒక గుర్తు, ఆల్బమ్‌లో ఉన్నదాంట్లో డ్రమ్స్ వాయించింది రింగో కాదు, ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్, రింగోకి టాంబురిన్ ఇచ్చి నిలబెట్టారు. మొదట సింగిల్‌గా వచ్చిన వెర్షన్‌లో రింగోనే డ్రమ్స్. తేడా కనిపెట్టడం తేలిక, టాంబురిన్ వినిపిస్తే ఆల్బమ్ వెర్షన్.

ఇక అసలైనది. యాప్‌లో ఒక ప్లేలిస్ట్ చేయండి, ఆల్బమ్ వరస కాకుండా ఫిబ్రవరి 11న రికార్డ్ చేసిన వరసలో: దేర్స్ ఎ ప్లేస్, ఐ సా హర్ స్టాండింగ్ దేర్, ఎ టేస్ట్ ఆఫ్ హనీ, డూ యూ వాంట్ టు నో ఎ సీక్రెట్, మిజరీ, అన్నా, బాయ్స్, చెయిన్స్, బేబీ ఇట్స్ యూ, ట్విస్ట్ అండ్ షౌట్. మిజరీ తర్వాత హోల్డ్ మీ టైట్ అని ఇంకోటి కూడా చేశారు కానీ అది ఈ ఆల్బమ్‌లో వాడలేదు. ఈ వరసలో వింటే ఒక రోజు మొత్తం మీ చెవుల ముందు నడుస్తుంది, మరీ ముఖ్యంగా జాన్ గొంతు. పొద్దున దేర్స్ ఎ ప్లేస్‌లో ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి, సాయంత్రం అన్నా దగ్గరికి వచ్చేసరికి అంచులు చిరుగుతున్నాయి, బేబీ ఇట్స్ యూకి వచ్చేసరికి బొంగురు వచ్చేసింది. అప్పటికి రాత్రి పది దాటింది, ఇంకో పాట కావాలి, మిగిలింది స్టేజ్ మీద అందర్నీ లేపి ఆడించే ట్విస్ట్ అండ్ షౌట్, గొంతు చించుకుని పాడాల్సిన పాట. మొదట పాడించి ఉంటే మిగతా పాటలకి గొంతు ఉండదని జార్జ్ మార్టిన్ కావాలనే చివరికి ఉంచాడు. జాన్ గొంతు బిళ్లలు చప్పరించి, పాలు తాగి, చొక్కా విప్పేసి మైక్ ముందు నిలబడ్డాడు.

మీరు వింటున్నది మొదటి టేక్. రెండోది ప్రయత్నించారు, గొంతు రాలేదు. ఐస్లీ బ్రదర్స్ 1962 వెర్షన్ ముందు వినండి, బ్రాస్ వాయిద్యాలతో హుషారుగా, పార్టీలా ఉంటుంది, బాగుంటుంది. తర్వాత ఇది పెట్టండి. మొదటి లైన్‌లోనే గొంతు చిరిగి ఉంది, అయినా ఆగట్లేదు, వెనకాల పాల్, జార్జ్ అందుకుంటున్నారు. మధ్యలో ఒక్కొక్కరూ ఒక్కో స్వరం పైకి ఎక్కుతూ ఆ... ఆ... ఆ... అని పెంచుకుంటూ పోయే చోట రింగోని కూడా వినండి, ఆ పెరుగుదలని కింద నుంచి మోస్తున్నది అతనే. ఆ పైన అందరూ కలిసి కేకపెట్టాక జాన్ మళ్లీ పాటలోకి దూకుతాడు, ఇక అక్కడి నుంచి పాడుతున్నాడా అరుస్తున్నాడా అన్నది చెప్పలేం. పొద్దుటి నుంచి పది పన్నెండు గంటలు పాడిన మనిషి ఒంట్లో మిగిలిందంతా అక్కడ పెట్టేశాడు. ప్లేలిస్ట్ వరసలో వచ్చి ఇక్కడికి చేరినవాళ్లకి ఈ రెండున్నర నిమిషాలు మామూలుగా వినిపించవు, నా మాట నమ్మండి. ఈ పాటని విడిగా పెళ్లి ఫంక్షన్లలో, యాడ్స్‌లో వినడం వేరు, ఆ రోజు చివర్లో వినడం వేరు.

బ్రిటన్ ఆల్బమ్స్ చార్ట్‌లో ఇది మే నెలలో పైకి చేరి 30 వారాలు దిగలేదు, చివరికి దింపింది వాళ్ల రెండో ఆల్బమే. ఆల్బమ్ కవర్ కూడా చూడండి, యాంగస్ మెక్‌బీన్ తీసిన ఫోటో, లండన్ మాంచెస్టర్ స్క్వేర్‌లో ఈఎంఐ ఆఫీస్ మెట్ల దగ్గర నలుగురూ రెయిలింగ్ మీద నుంచి కిందికి వంగి నవ్వుతుంటారు. 1969లో మళ్లీ అదే చోట అదే ఫోటోగ్రాఫర్ ముందు అలాగే నిలబడ్డారు, జుట్టూ గడ్డాలూ పెరిగి. 1963లో అప్పుడే తీసి వాడకుండా ఉంచిన ఇంకో ఫోటో, ఈ 1969 ఫోటో కలిసి 1973లో వచ్చిన రెడ్, బ్లూ అనే బీటిల్స్ పాటల కలెక్షన్ల కవర్లయ్యాయి.

ఇది ఒంటబట్టాక ఎటు వెళ్లాలంటే, ముందు అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన విత్ ది బీటిల్స్, తర్వాత 1964 నాటి ఎ హార్డ్ డేస్ నైట్, అందులో అన్ని పాటలూ జాన్, పాల్ రాసినవే. కానీ బీటిల్స్ దగ్గరే ఆగిపోకండి. వీళ్ల ఊరు లివర్‌పూల్ వాళ్లే సర్చర్స్, వాళ్ల మొదటి ఆల్బమ్ మీట్ ది సర్చర్స్ 1963దే, అందులోనూ ట్విస్ట్ అండ్ షౌట్ ఉంది, గొంతులు ఎంత నీట్‌గా కలుస్తాయో వింటే వీళ్లకీ వాళ్లకీ తేడా ఒక్క పాటలోనే తెలుస్తుంది. మాంచెస్టర్ నుంచి హోలీస్, మూడు గొంతుల హార్మొనీ కోసం. ఈ బీట్ మన దేశానికి ఎంత త్వరగా వచ్చేసిందో చూడాలంటే 1965 హిందీ సినిమా జాన్వర్‌లో దేఖో అబ్ తో పాట వెతకండి, ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్ ట్యూన్ అది. అన్నిటికంటే ముందు మాత్రం ఫోన్‌లో ఆ మోనో సెట్టింగ్ ఆన్ చేయండి.